క్లచ్ సంజీవని

అవతారిక

మల్లినాథ సూరిది మా పాత మెదక్ జిల్లా. ఆయన ఊరు కొల్చారం. కాళిదాసు కావ్యాలు మూడింటికి ఆయన రాసిన వ్యాఖ్య పేరు సంజీవని. చెడ్డ వ్యాఖ్యానాల విషం తలకెక్కి మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును బతికించడానికే ఇది రాస్తున్నానని మొదట్లోనే చెప్పుకున్నాడు. ఆధారం లేనిది ఒక్క ముక్క రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మాట కూడా ఇచ్చాడు. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు కొల్చారం మెదక్‌లో ఉండిపోయింది, పటాన్‌చెరు సంగారెడ్డికి వచ్చింది. జిల్లా మారినంత మాత్రాన ఆ పెద్దాయన ఆస్తిలో మా వాటా పోదు గనక, ఆయన ముట్టుకోని ఒక వస్తువును మేము ఎత్తుకుంటున్నాం. ముట్టుకోకపోవడం ఆయన తప్పు కాదు. ఎద్దుల బండికి క్లచ్చు ఉండదు.

చెడ్డ వ్యాఖ్యానాల విషం అంటే ఏమిటో తెలుసుకోవడానికి మల్లినాథుణ్ణి చదవనక్కరలేదు. ముత్తంగి దాటాక రోడ్డు పక్కన బండి ఆపి బానెట్ ఎత్తితే చాలు. అయిదు నిమిషాల్లో నలుగురు వ్యాఖ్యాతలు పోగవుతారు. గేర్‌బాక్సు పోయిందని ఒకాయన తేలుస్తాడు. డీజిల్‌లో నీళ్లు కలిశాయని ఇంకొకాయన. మూడో ఆయన ఏమీ చెప్పడు, బానెట్‌లోకి చూసి నాలుక చప్పరిస్తాడు. అది అన్నిటికంటే భయంకరమైన వ్యాఖ్య. నాలుగో ఆయన బావమరిదికి షెడ్డు ఉంటుంది. ఇంత పాండిత్యం మధ్య మూర్ఛపోయి పడి ఉన్నది క్లచ్చు. దాని వైపు మాత్రం ఎవరూ చూడరు.

మా కర్దనూర్ పటాన్‌చెరు మండలంలో ఔటర్ రింగ్ రోడ్డును ఒరుసుకుని ఉన్న ఊరు. అటు 65వ నంబరు జాతీయ రహదారి, ఇటు 158 కిలోమీటర్ల ఔటర్. చుట్టూ పాశమైలారం, ఇస్నాపూర్, బొల్లారం, రామచంద్రాపురం ఫ్యాక్టరీలు. ఇక్కడి బండ్లకు క్లచ్చు జబ్బులు ఎందుకు ఎక్కువంటే, గాలీ నీరూ కారణం కాదు. (పటాన్‌చెరు గాలికీ నీటికీ వేరే చరిత్ర ఉంది. దానికి వేరే వ్యాఖ్యాత కావాలి.) లోడు బండి ఫ్యాక్టరీ గేటు ముందు వరసలో నిలబడి అడుగడుగునా కదులుతుంది. షిఫ్టు వదిలే వేళకు బస్సులు, ఆటోలు, మోటారు సైకిళ్లు ఒకేసారి చౌరస్తా మీద పడతాయి. ఔటర్ మీద నూరు మీద పోయిన బండే దిగీ దిగగానే నడిచే మనిషి కంటే మెల్లగా పోవాలి. ఆ తేడా అంతా మోసేది ఒక్క బిళ్ల.

ఇక మూలపద్యం సంగతి. ఇది ఏ తాళపత్రంలోనూ లేదు. వ్యాఖ్యానించడానికి క్లచ్చు మీద పద్యం దొరక్క వ్యాఖ్యాతే రాసుకున్నాడు. కవీ వ్యాఖ్యాతా ఒకడే అయితే ఒక సుఖముంది. కవి హృదయం నిజంగా ఇదేనా అని అడిగేవాడు ఉండడు.

మూలం

ఎడమ కాలి కింద నేముందొ చూడక
గేరు నన్నవాడు గేలి పాలు;
కప్పి చెప్పనేల కర్దనూర్ మిస్త్రీకి,
చెవియె చాలుగాద చిక్కు తెలియ!

పాఠ నిర్ణయం

మూడో పాదంలో ‘మిస్త్రీకి’ అన్నదే సాధువైన పాఠం. ‘మేస్త్రికి’ అని దిద్దితే గ్రాంథికంగా ఉంటుందని ఒక మిత్రుడన్నాడు. ఛందస్సు దానికీ ఒప్పుకుంటుంది. కర్దనూర్ ఒప్పుకోదు. ఇక్కడ మేస్త్రి గోడ కట్టేవాడు, మిస్త్రీ బండి విప్పేవాడు. ఒకడి పని ఇంకొకడికి చెబితే ఇల్లూ నిలవదు, బండీ నడవదు.

పద్యమంతా వెతికినా క్లచ్చు అన్న మాట లేదేమని ఇంకో ఆక్షేపణ. చెప్పకుండా స్ఫురింపజేయడమే ధ్వని. ఆనందవర్ధనుడు ఉంటే భుజం తట్టేవాడు. మా మిస్త్రీ మాత్రం, పేరు రాయకుంటే బిల్లు మీద ఏం రాయాలన్నాడు.

ప్రథమ పాదం

ఎడమ కాలి కింద = డ్రైవరు ఎడమ పాదం అడుగున; ఏముందొ = ఉన్నది ఏమిటో; చూడక = విచారించక.

తాత్పర్యం: పెడల్ అందరికీ కనబడుతుంది. కవి అంటున్నది దాని వెనక ఉన్నదాని గురించి. ఇంజన్ చివర ఫ్లైవీలు ఉంటుంది, ఇంజన్ తిరిగినంతసేపూ తిరుగుతుంది. దాని ముఖాన్ని ఆనుకుని క్లచ్ ప్లేటు, ప్లేటును వెనకనుంచి అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు. క్లచ్ ప్లేటు నడిమి హబ్ లోపల పళ్లుంటాయి, అవి గేర్‌బాక్సు షాఫ్టు మీది పళ్లలో కూర్చుంటాయి. కాలు తీసినప్పుడు డయాఫ్రం స్ప్రింగు బలంతో మూడూ ఒకటై తిరుగుతాయి. కాలు వేసినప్పుడు ఫోర్కు, రిలీజ్ బేరింగు కలిసి ఆ స్ప్రింగు వేళ్లను నొక్కుతాయి, పట్టు వీడుతుంది, ఇంజన్ దారి ఇంజన్‌ది, చక్రం దారి చక్రానిది. అంటే క్లచ్చు తొక్కడమంటే పట్టుకోవడం కాదు, వదిలించడం. ఈ ఒక్క సంగతి తలకెక్కితే మిగతా వ్యాఖ్య చదవకపోయినా నష్టం లేదు.

ఈ పట్టు ఎంతటిది? ఒక చిన్న కారు లెక్క వేద్దాం. రాపిడి గుణకం 0.3, స్ప్రింగు అదుము 4000 న్యూటన్లు, సగటు వ్యాసార్థం 8 సెంటీమీటర్లు, ప్లేటుకు ముఖాలు రెండు. గుణిస్తే 192 న్యూటన్ మీటర్లు. ఆ కారు ఇంజన్ ఇచ్చే మెలితిప్పు నూరు చిల్లర. సగానికి సగం మిగులుగా కనిపించే ఈ ఆస్తిని డ్రైవర్లు రెండు దారుల్లో తగలేస్తారు.

మొదటి దారి, పెడల్ మీద కాలు ఆనించి ఉంచడం. తొక్కడం లేదు గదా, ఊరికే పెట్టానంటారు. ఆ ఊరికే పెట్టిన బరువుకే రిలీజ్ బేరింగు వేళ్లకు తగిలి, బండి నడిచినంతసేపూ తిరుగుతూ అరుగుతుంది. ఇంకాస్త బరువు పడితే అదుము తగ్గి ప్లేటు జారడం మొదలవుతుంది. రెండో దారి హాఫ్ క్లచ్. ఎత్తు మీద బ్రేకు వేయడానికి బద్ధకించి, సగం క్లచ్చూ కాస్త రేసూ ఇచ్చి బండిని నిలబెట్టే విద్య. చూసేవాళ్లకు నేర్పులాగే ఉంటుంది. నూరు న్యూటన్ మీటర్లు పట్టి, నిమిషానికి 1000 తిరుగుళ్ల తేడాతో ప్లేటు జారుతుంటే అక్కడ పుట్టే వేడి పది కిలోవాట్లకు పైమాటే. పది ఇస్త్రీపెట్టెలు ఒకేచోట బోర్లించినట్టు. ఇస్నాపూర్ చౌరస్తాలో సిగ్నల్ పడేదాకా ఇలా నిలబెట్టేవాడు ఇంటికి చేరేలోపు ఎంత లైనింగు ఇస్త్రీ చేశాడో తనకే తెలియదు.

గ్రంథాంతరంలో: 1886లో పేటెంటు పొందిన కార్ల్ బెంజ్ మూడు చక్రాల బండికి ఈ ప్లేట్లేవీ లేవు. బెల్టును ఊరికే తిరిగే కప్పీ మీంచి బిగించిన కప్పీ మీదికి జరిపితే బండి కదిలేది. తర్వాత తోలు తొడిగిన శంకువు ఆకారపు క్లచ్చులొచ్చాయి. తోలు ఎండితే ఎగిరిపడేది, నూనె ఎక్కువైతే జారేది. ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ 1897లో రాపిడి లైనింగుల పని మొదలుపెట్టాడు. దిగుడులో గుర్రపు బండ్లవాళ్లు చక్రానికి పాత బూటు అడ్డం పెట్టడం చూశాక ఆయనకీ ఆలోచన వచ్చిందని చెబుతారు. ఫెరోడో అన్న పేరు ఆయన ఇంటిపేరులోని అక్షరాలకు ఒక ‘ఈ’ చేర్చిన కలగలుపే.

శంక: నా బండి ఆటోమేటిక్, ఎడమ కాలికి పనే లేదు, ఈ పాదం నాకు వర్తించదు గదా?

సమాధానం: వర్తిస్తుంది. 2014లో సెలెరియో కారుతో మన దగ్గర జనంలోకి వచ్చిన ఏఎంటీ బండ్లలో పెడల్ లేదు గాని, లోపల అదే ప్లేటు, అదే ప్రెషర్ ప్లేటు. తొక్కే పని కాలికి బదులు ఒక యంత్రం చేస్తుంది. ఫ్లైఓవర్ ఎత్తు మీద బ్రేకు వదిలేసి యాక్సిలరేటర్‌తో బండిని నిలబెడితే అది కూడా హాఫ్ క్లచ్చే. ఎడమ కాలు అన్నచోట లక్షణావృత్తితో ‘బద్ధకం’ అని చెప్పుకోవాలి. నిజంగా క్లచ్చు లేనివి బ్యాటరీ బండ్లు. వాటి యజమానులు ఈ వ్యాఖ్యను కావ్యరసం కోసం చదవవచ్చు.

ద్వితీయ పాదం

గేరును అన్నవాడు = గేర్‌బాక్సును తప్పుపట్టినవాడు; గేలి పాలు = నవ్వులపాలగును.

ఈ పాదమే పద్యానికి ప్రాణం. క్లచ్చుకు జబ్బులెన్ని చెప్పినా పెద్దవి రెండే, అవి ఒకదానికొకటి తలకిందులు. ఒకటి పట్టకపోవడం, ఇంకొకటి వదలకపోవడం. రెంటినీ కలిపి ‘క్లచ్ పోయింది’ అనడం వల్లే డబ్బు పోతుంది.

పట్టకపోతే ఏమవుతుంది? ‘ఇంజన్ మొత్తుకుంటది గాని బండి గుంజుతలేదు’ అని డ్రైవరు చెప్పే మాట కంటే మంచి నిర్వచనం ఏ పుస్తకంలోనూ లేదు. రేసు ఇస్తే ముల్లు లేస్తుంది, వేగం లేవదు. ముందు పై గేరులో, ఎత్తు మీద, లోడుతో బయటపడుతుంది. మైలేజీ పడిపోతుంది, కాలిన వాసన వస్తుంది. కారణం లైనింగు అరగడం కావచ్చు. ఇంజన్ వెనక సీలు గానీ గేర్‌బాక్సు ముందు సీలు గానీ కారి ప్లేటు మీద ఆయిల్ పడటం కావచ్చు. కేబుల్ మరీ బిగించడంతో పెడల్‌కు వదులు లేకపోవడం కావచ్చు. పరీక్ష సులువు: హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరు వేసి, కాస్త రేసు ఇస్తూ పెడల్ మెల్లగా వదలాలి. ఇంజన్ వెంటనే కొట్టుకుని ఆగిపోతే పట్టు ఉన్నట్టు. ఏమీ ఎరగనట్టు తిరుగుతూనే ఉంటే లేనట్టు. ఒకసారి చేస్తే చాలు. నమ్మకం కుదరక పదే పదే చేసేవాడు ఆ పరీక్షతోనే ప్లేటు కాలుస్తాడు.

వదలకపోతే లక్షణం వేరు. బండి గుంజడంలో లోటుండదు. నిలబడి ఉన్నప్పుడు మొదటి గేరు పడదు, రివర్సు గర్రుమంటుంది. ఇంజన్ ఆపితే అన్ని గేర్లూ సాఫీగా పడతాయి. ఈ చివరి వాక్యాన్ని కింద గీత గీసి గుర్తుపెట్టుకోవాలి. ఇంజన్ ఆపితే పడే గేరు, నడుస్తుండగా పడకపోతే, చాలాసార్లు దోషం గేరుది కాదు. పెడల్ పూర్తిగా తొక్కినా ప్లేటు ఇంకా ఫ్లైవీలుతో కాస్త తిరుగుతోందన్నమాట. కేబుల్ సాగి ఉండొచ్చు, హైడ్రాలిక్‌లో గాలి చేరి ఉండొచ్చు, సిలిండర్ కారి ఉండొచ్చు, ప్లేటు వంగి ఉండొచ్చు, హబ్ పళ్లు తుప్పు పట్టి షాఫ్టు మీద జరగకపోవచ్చు.

ఉదాహరణ: ఒక పికప్ బండి షెడ్డుకొచ్చింది. రెండుచోట్ల చూపించి, గేర్‌బాక్సు విప్పాల్సిందేనన్న తీర్పు వెంటబెట్టుకొచ్చాడు డ్రైవరు.

‘గేరు పడ్తలేదన్నా. గేర్‌బాక్స్ దించుమన్నరు.’

‘ఎన్నిరోజులాయె?’

‘పొద్దుగాల మంచిగనే ఉంటది. తిరిగినంక పడ్తలేదు. రెండుమూడు సార్లు పంప్ కొడితే పడ్తది.’

మిస్త్రీ పానా ముట్టుకోలేదు. డ్రైవరు సీటు పక్కన మోకాళ్ల మీద కూర్చుని పెడల్‌ను చేత్తో నొక్కాడు. పెడల్ పైన రాడ్డు లోపలికి పోయేచోట వేలు తిప్పి చూశాడు, పొడిగా ఉంది. బండి కిందికి పోయి పడుకున్నాడు. గేర్‌బాక్సు పక్కన ఉన్న చిన్న సిలిండర్ రబ్బరు టోపీ అంచును స్క్రూ డ్రైవర్‌తో ఇంత పైకెత్తాడు. లోపలినుంచి నల్లటి ద్రవం సన్నగా జారి మణికట్టు మీదుగా మోచేతి దాకా వచ్చింది. ‘గేర్‌బాక్స్ కాదు, గీడ కారుతుంది’ అన్నాడు.

సిద్ధాంతం: పంపు కొడితే గేరు పడుతోందంటే హైడ్రాలిక్‌ను అనుమానించు. తొక్కిన ఒత్తిడి కారిపోతోంది, రెండోసారి తొక్కితే తాత్కాలికంగా నిండుతోంది. రోగి తన నోటితోనే రోగం చెప్పాడు. రెండు షెడ్లలోనూ ఆ వాక్యం వినలేదు. కొన్ని కొత్త బండ్లలో ఈ సిలిండర్ గేర్‌బాక్సు షాఫ్టు చుట్టూ లోపలే ఉంటుంది. అప్పుడు గేర్‌బాక్సు దించక తప్పదు, ఆ తీర్పు చెప్పినవాణ్ణి గేలి చేయరాదు.

సిలిండర్ మార్చాక గాలి తీయడం ఒక యజ్ఞం. కింద మిస్త్రీ, పైన పని నేర్చుకునే కుర్రాడు చోటూ. కింద నుంచి ‘కొట్టు’ అని వినబడితే పైన నాలుగైదు సార్లు పెడల్ తొక్కుతాడు. ‘పట్టు’ అంటే తొక్కి పట్టుకుంటాడు. అప్పుడు కింద నిప్పిల్ వదులు చేస్తే బుడగలతో ద్రవం పైపులోంచి సీసాలోకి వస్తుంది. నిప్పిల్ బిగించాకే ‘వదులు’. చోటూ తొందరపడి ముందే వదిలితే బయటి గాలి తిరిగి లోపలికి పోతుంది, మంత్రం మొదటినుంచి. వాడేది బ్రేకు ఆయిలే. అది గాలిలోని తేమను తాగుతుంది గనక మూత తీసి నెలల తరబడి పెట్టిన డబ్బాలోది పోయకూడదు, రెండేళ్లకోసారి మార్చడం మంచిది. ఈ పని మా ప్రాంతంలో అడిగి చేయించుకున్నవాళ్లు తక్కువ.

తృతీయ పాదం

కప్పి చెప్పనేల = దాచిపెట్టి చెప్పడం ఎందుకు; కర్దనూర్ మిస్త్రీకి = కర్దనూర్‌లో బండ్లు బాగుచేసేవాడికి.

ఏం కప్పుతారు? అన్నిటికంటే ముందు లోడు కప్పుతారు. ‘టన్నున్నరే వేసిన’ అన్న బండి వెనక పట్టీలు తిరగబడి ఉంటాయి. తమ్ముడికి డ్రైవింగు నేర్పిన సంగతి కప్పుతారు. నేర్చుకునేవాడి కాలు కింద నెల తిరగకుండా పోయిన ప్లేట్లున్నాయి. బురదలో దిగబడ్డ బండిని అరగంట హాఫ్ క్లచ్‌తో కుమ్మిన సంగతి ఎవరూ చెప్పరు. ప్లేటు చెబుతుంది, వాసనతో.

మోటారు సైకిలువాళ్లు కప్పేది ఆయిల్ సంగతి. పాశమైలారం షిఫ్టులకు పోయే బండ్లలో ఎక్కువ వాటికి క్లచ్చు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, ఒక ప్లేటు కాదు, వరసగా కొన్ని. ఆ ఆయిల్ ప్లేట్లను చల్లగా ఉంచాలి గాని జారనివ్వకూడదు. అందుకే మోటారు సైకిల్ ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ అని ఉంటుంది. ఇంట్లో మిగిలింది గదా అని రాపిడి తగ్గించే మందులు కలిపిన కారు ఆయిల్ పోస్తే ఇంజన్ మెత్తగా తిరుగుతుంది, క్లచ్చు జారుతుంది. ఇంకో దురలవాటు, లివరు వదులుగా ఉంటే మర్యాద తక్కువని వైరు బిగించడం. మామూలు బండ్లకు లివరు చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. ఆ వదులు చెడిపోవడం కాదు, ఆరోగ్యం. అది లేకపోతే వేలు ముట్టుకోకుండానే క్లచ్చు సగం తొక్కినట్టే. కార్లకూ కేబుల్ ఉన్న బండ్లకూ పెడల్ దగ్గర కొద్దిపాటి వదులు అలాగే కావాలి. ఎంతన్నది ఆ బండి పుస్తకం చెబుతుంది. అయిదు నిమిషాల పని, పానా ఒక్కటి చాలు. ఈ వ్యాఖ్య మొత్తంలో అన్నిటికంటే చవకైన వైద్యం ఇదే. అందుకే కాబోలు దీన్ని ఎవరూ సలహాగా చెప్పరు.

వైరు విషయం ఇంకొక్కటి. లివరు దగ్గర, తల పక్కన, తీగ ఒక్కో పోగు తెగుతూ వస్తుంది. చివరి పోగు రాత్రి షిఫ్టు వదిలాకే తెగుతుందన్నది కార్మికుల నమ్మకం. దానికి శాస్త్రాధారం లేదు. అయినా తెగేది అప్పుడే.

చాలా ట్రాక్టర్లకు డబుల్ క్లచ్ ఉంటుంది. పెడల్ సగం తొక్కితే బండి ఆగుతుంది, పూర్తిగా తొక్కితే వెనక యంత్రాన్ని తిప్పే పీటీవో కూడా ఆగుతుంది. జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్లు తయారయ్యే జిల్లాలో దీని మీద ప్రత్యేక వ్యాఖ్యే కావాలి. విస్తరభీతితో విడిచిపెడుతున్నాం.

చతుర్థ పాదం

చెవియె చాలుగాద = చెవి ఒక్కటే సరిపోదా; చిక్కు తెలియ = దోషం తెలియడానికి.

ఇక్కడ అతిశయోక్తి అలంకారం. అయినా నిరాధారం కాదు. తార్కికులు అన్వయ వ్యతిరేకాలంటారు: ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది ఉండదు. మా షెడ్డులో దాన్ని రోజూ ఆచరిస్తారు, పేరు తెలియకుండా. ఇంజన్ స్టార్టు చేసి న్యూట్రల్‌లో ఉంచి, కాలు పూర్తిగా తీసి వింటారు. గరగర వినబడి, పెడల్ తొక్కగానే పోతే గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు. తొక్కినప్పుడు ఆ షాఫ్టు నిలిచిపోతుంది గనక శబ్దమూ నిలిచిపోతుంది. కాలు తీసినప్పుడు నిశ్శబ్దంగా ఉండి, కొంచెం తొక్కగానే కీచుమంటే రిలీజ్ బేరింగు. రెండో పాదంలో గేరును నిందించినవాణ్ణి గేలి చేశాం గాని, ఈ మొదటి సందర్భంలో నింద న్యాయమే. కవి ఈ మినహాయింపు చెప్పలేదు. పద్యంలో చోటు చాలలేదని సరిపెట్టుకుందాం.

శబ్దం ఎక్కడిదో ఖాయం చేసుకోవడానికి మిస్త్రీ పొడుగాటి స్క్రూ డ్రైవర్ మొనను గేర్‌బాక్సు ఒంటి మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు ఆనిస్తాడు. కళ్లు మూసుకుంటాడు. షెడ్డులో రేడియో ఆగుతుంది, చోటూ సుత్తి దించుతాడు. ఆ కొన్ని క్షణాలు డబ్బు ఇవ్వాల్సినవాడి ముఖం చూడాలి, అదొక ప్రత్యేక రసం.

చెవికి అందని రోగమూ ఉంది. కదిలేటప్పుడు బండి మొత్తం వణకడం. లైనింగు మీద ఆయిల్ పడ్డా, ఫ్లైవీలు ముఖం వేడికి మచ్చలు పడి గట్టిపడ్డా వణుకు వస్తుంది. ఇంజన్ కింది రబ్బరు మౌంటులు చిరిగినా అచ్చంగా అదే వణుకు. మౌంటు చూడకుండా ప్లేటు మార్చినవాడికి కొత్త ప్లేటూ పాత వణుకూ రెండూ మిగులుతాయి.

విప్పాల్సి వచ్చిందే అనుకుందాం. జాకీలు పెట్టి, షాఫ్టు ఊడదీసి, గేర్‌బాక్సు దించుతారు. కష్టమంతా ఇక్కడే, కూలీ అంతా దీనికే. ఇంత కష్టపడి లోపలికి పోయాక ప్లేటు ఒక్కటే మార్చమనడం పొదుపు కాదు. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు సెట్టుగా వేయించాలి; ఇంజన్ వెనక సీలు చెమర్చుతుంటే అదీ అప్పుడే. ఆ సీలు వదిలేసి కొత్త ప్లేటు వేస్తే కొత్త ప్లేటు మీదికి పాత ఆయిల్ కారుతుంది. బేరమాడే చోట బేరమాడండి, ఇక్కడ వద్దు.

పాత ప్లేటును చేతిలోకి తీసుకుని చూడటం ప్రతి బండి యజమానికీ విధి. లైనింగును పట్టి ఉంచే రివెట్ల తలలు ఉపరితలానికి ఎంత లోతున ఉన్నాయో గోరు పెట్టి చూడవచ్చు. చాలా కార్లకు 0.3 మిల్లీమీటర్ల లోతు మిగిలితే అదే ఆఖరి హద్దు. రివెట్టు లోహం ఫ్లైవీలుకు తగిలితే దాని ముఖం మీద వలయంగా గాట్లు పడతాయి. లైనింగు నున్నగా అద్దంలా మెరుస్తుంటే కాలింది. ఫ్లైవీలు మీద నీలి మచ్చలు, సన్నటి పగుళ్లు ఉంటే లేతు మిషన్ దగ్గరికి పంపాలి, పగుళ్లు లోతైతే మార్చాలి. ప్రెషర్ ప్లేటు స్ప్రింగు వేళ్ల కొనలు ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా అరిగితే అదీ పనికిరాదు. గుంటలో పేరుకున్న నల్ల పొడిని కంప్రెసర్ గాలితో ఊదడం మా షెడ్లలో ఆచారం. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే వైద్యం లేదు. తడిగుడ్డతో తుడవాలి. ఈ ఒక్క విషయంలో ఆచారం కంటే శాస్త్రం పక్షాన వ్యాఖ్యాత గట్టిగా నిలబడుతున్నాడు, చోటూ వయసు చూశాక మరీ గట్టిగా.

బిగించేటప్పుడు ప్లేటును మధ్యకు కూర్చోబెట్టడానికి పాత షాఫ్టు ముక్క ఒకటి వాడతారు. ప్లేటును తిరగేసి పెట్టడం కూడా జరుగుతుంది, పెద్ద షెడ్లలోనే. హబ్ పళ్లకు గ్రీజు పూతలా రాయాలి. ముద్దగా పెడితే తిరిగేటప్పుడు విసిరి లైనింగు మీదికే వస్తుంది. కొత్త ప్లేటు వేశాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు లోడు తగ్గించి, ఎగబాకకుండా నడపాలి. రెండు ముఖాలూ ఒకదానికొకటి కుదురుకోవాలి గదా.

వ్యాఖ్య ఇంతవరకు వచ్చాక మూలపద్యాన్ని మిస్త్రీకి చదివి వినిపించాం. కాళిదాసుకు దొరకని అవకాశం ఇది. చేతులు డీజిల్‌తో తుడుచుకుంటూ రెండుసార్లు చదివించుకున్నాడు. మొదటి మూడు పాదాలకు తలూపాడు. నాలుగోది నచ్చలేదు.

‘చెవి ఏం జాలుతది సార్. క్లచ్ పోతే ముందుగాల వాసనొస్తది. ముక్కు రాయుండ్రి.’

కొండ మీద పొగను చూసి నిప్పును ఊహించమన్న తార్కికులు కూడా ఇంతకంటే సూటిగా చెప్పలేదు. గణాలు చూశాం. ‘ముక్కె చాలుగాద చిక్కు తెలియ’: అయిదూ సూర్యగణాలే. యతి తప్పింది గాని ముక్కు, చిక్కు ప్రాసయతిగా కుదిరాయి, ఆటవెలదికి అది చెల్లుతుంది. కాబట్టి తర్వాతి ప్రతుల్లో ‘చెవియె’ అన్నది కవి పాఠం, ‘ముక్కె’ అన్నది కర్దనూర్ పాఠం అని రెండూ వేస్తాం. పరీక్షలో రెండోది రాసినవాడికి మార్కులు తగ్గించరాదు.